గుర్వమ్మ గోడ మీది మొఖం

పోయిన వారం మనం ఖమర్ మేడంను పోతులబండ బడి వరండాలో, రెండు చేతుల్లో రెండు బొమ్మలతో, నోట మాట రాకుండా నిలబెట్టి ఎవరి పనుల మీద వాళ్లం వెళ్లిపోయాం. మీరు తిన్నారు, పడుకున్నారు, సంతకు పోయి బెండకాయలు బేరమాడి వచ్చారు. ఆమె మాత్రం అక్కడే నిలబడి ఉంది పాపం. కాళ్లు గుంజుతుంటాయి. ముందు ఆమె సంగతి చూద్దాం.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ల కోసం ఒక్క ముక్క. ఖమర్ హైదరాబాదులో యూనివర్సిటీ పిల్లలకు బొమ్మల చరిత్ర చెబుతుంది, బొమ్మ గీయడమూ నేర్పుతుంది. చీకటి గదిలో తెర మీద పాతకాలపు నవాబుల బొమ్మలు వేసి చూపిస్తుంటే సగం మంది గురక పెడుతున్నారని విసిగి, ఈ ఎండాకాలం క్లాసు మొత్తాన్ని మూటగట్టుకుని తను పుట్టిన గడ్డకు, కల్వకుర్తి పక్క పల్లెకు తెచ్చింది. వాళ్లకు పెట్టిన పని ఒకటే. ఒక్కొక్కరు ఒక్కో ఇంటికి పోవాలి. ఫోటో అంటూ ఒకటి దిగకుండానే కాలం చేసిన ఆ ఇంటి మనిషిని, ఇంటివాళ్లు చెబుతుంటే విని గీయాలి. "గీయిననే", అవును ఈయనే, అని వాళ్ల నోట వచ్చేదాకా చెరుపుతూ గీస్తూ ఉండాలి.

"పాత రాజుల మొఖాలు గీసినోళ్లు సగం మంది ఆ రాజును కండ్ల చూడలే. ఎవలో చెప్తె విని గీసిండ్రు. మీరూ గీసి చూడుండ్రి. పుస్తకంల బొమ్మను ఎంత నమ్మాల్నో అప్పుడు ఎరుకైతది." ఇది ఖమర్ వాళ్లకు చెప్పిన మొదటి పాఠం.

ఆదివారం బడిలో బొమ్మలన్నీ ఊరికి చూపించి, ఎవరి మనిషిని వాళ్లకు అప్పగించాలి. రిబ్బను కత్తిరించడానికి కల్వకుర్తిలో దుకాణాలకు బోర్డులు రాసే పెయింటర్ పీర్ మహమ్మద్ వస్తున్నాడు. ఆయన ఖమర్ కన్నతండ్రి.

ఇప్పుడు శనివారం పొద్దున. బొమ్మలను వరండాలో తాడుకు క్లిప్పులు పెట్టి వేలాడదీస్తున్నారు. ఒక్కో బొమ్మకు నాలుగు క్లిప్పులు. ఎందుకంటే పోతులబండ గాలి సంగతి మీకు తెలియదు. ఒక చైత్రంలో ఈ ఊళ్లో చాటింపు వేసే మస్కూరి తలపాగా ఎగిరిపోతే, శ్రావణంలో హాలియా దిక్కు ఒక పెండ్లిలో పెండ్లికొడుకు నెత్తి మీద కనిపించిందట. నమ్మనివాళ్లు ఆ పెండ్లికొడుకును అడగండి.

ఖమర్ చేతిలో ఉన్న రెండు బొమ్మల్లో ఒకటి ఐలేశం గీసింది. గుర్వమ్మ భర్త బీరప్ప. గొర్ల మందను నల్లమలకు తోలుకపోయి పులి నోట పడ్డాడని ఊరు చెప్పే మనిషి. రెండోది జాఫర్ గీసింది. సత్తమ్మ తండ్రి మారయ్య. తాటిచెట్టు మీదినుంచి జారిపడ్డ మనిషి. ఒకాయనకు తలపాగా, గుబురు మీసం. ఇంకొకాయనకు బట్టతల, నున్నటి మూతి. ఈ తలపాగా విప్పి, ఆ మీసం గొరిగితే రెండూ ఒకటే మొఖం.

"ఒకని బొమ్మ ఒకడు చూసి గీసిండ్రా?" అంది ఖమర్.

"తోబ తోబ మేడం," జాఫర్ చెంపలు వేసుకున్నాడు. "ఐలేశంగాని బొమ్మ చూసి గీసే కర్మ నాకేం పట్టింది?"

"ఓహో! నువ్వు మొన్న గీసిన బర్రెను చూసి దాని యజమాని దవాఖానకు తోలుకపోతనన్నడు. మరిచినవా?" అన్నాడు ఐలేశం.

"చుట్టాలేమో మేడం ఇద్దరు," అన్నాడు జాఫర్.

"కురుమోళ్లకు, గౌండ్లోళ్లకు యాడి చుట్టరికంరా?"

"నీకు చెప్పి చేసుకుంటరా?"

ఇంకో పూట అయితే ఖమర్ నవ్వేది. ఇప్పుడు రెండు బొమ్మలను బల్ల మీద పక్కపక్కన పరిచి, తెల్ల కాగితాలతో కండ్లు, ముక్కు, మూతి కప్పేసింది. చెవులు మాత్రమే మిగిలాయి.

"క్లాసుల చెప్పిన గదా. కండ్లు, ముక్కు అందరు పట్టిపట్టి గీస్తరు. చెవి కాడికి వచ్చేసరికి మనసు పక్కకు పోయి చెయ్యి ఒక్కతే గీస్తది. బొమ్మ ఎవలదో పట్టాలంటే చెవి చూడాలె. చూడుండ్రి."

రెండు బొమ్మల్లోనూ కుడి చెవి తమ్మె చిరిగి ఉంది. బెజ్జం సాగినట్టు కాదు, పోగు గుంజితే తెగినట్టు, నిలువునా చీలిక.

"గీ చీలిక ఎవలు చెప్పిండ్రు?"

"గుర్వమ్మవ్వనే," అన్నాడు ఐలేశం. "నేను మంచిగ గీస్తె ఒప్పుకోలే. చెవి చిరిగి ఉంటది కొడకా, చింపు అన్నది. చింపినంక గీయిననే అన్నది."

జాఫర్ గొంతు తగ్గింది. "సత్తమ్మత్త గూడ గట్లనే అన్నది మేడం."

ఆ చీలికను ఎక్కడ చూసిందో ఖమర్‌కు గుర్తొచ్చింది. పోయిన ఏడాది తండ్రికి దవడ ఆపరేషన్ చేసినప్పుడు దవాఖానలో ఆయన గడ్డం తీసేశారు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తండ్రి మొఖాన్ని గడ్డం లేకుండా చూసింది. చిన్నప్పుడు దూడ పలుపు తగిలి తెగిందని చెప్పే చెవి తమ్మె అప్పుడు బయటపడింది. కాని అది ఎడమ చెవి. బొమ్మల్లో చిరిగింది కుడిచెవి.

బొమ్మలు నేర్పేవాళ్లకు ఈ చిక్కు విప్పడానికి ఎంతోసేపు పట్టదు. అద్దంలో చూసుకుంటూ తన మొఖం తను గీసుకుంటే ఎడమ చెవి కుడికి వస్తుంది. ఒకప్పుడు బోర్డులతో పాటు మనుషుల బొమ్మలూ వేసిన తండ్రి దుకాణంలో, కుంచెల డబ్బా పక్కన ఎప్పుడూ ఒక చేతి అద్దం ఉండేది. గడ్డం దువ్వుకోవడానికనుకునేది తను. గడ్డం లేని రోజుల నుంచీ అది అక్కడే ఉండి ఉండాలి.

ఐలేశం గీసిన బొమ్మను చుట్టి చంకన పెట్టుకుని, ఎవరినీ రమ్మనకుండా, ఆమె గుర్వమ్మ ఇంటి దారి పట్టింది.

* * *

గుర్వమ్మ అరుగు మీద కూర్చుని కదురుతో ఉన్ని వడుకుతోంది. మేకలు రెండు ఆమెను కాపలా కాస్తున్నట్టు చెరో పక్క పడుకున్నాయి.

"రా బిడ్డా. రేపటికి మా ఆయనను ముస్తాబు చేసిండ్రా? మీసానికి జర నల్లరంగు ఎక్కువెయ్యమను. ఎండల తిరిగి రాగి రంగుకొచ్చిందని అలిగేటోడు."

ఖమర్ ఆమె పక్కన కూలబడింది. "అవ్వా, తాత బొమ్మ మునుపెప్పుడన్న ఇంట్ల ఉండెనా?"

"ఉండె."

"మరి మేమొచ్చి అడిగితే లేదన్నవు?"

"మీరు ఫోటో ఉన్నదా అని అడిగిండ్రు. మా ఇంట్ల ఫోటో యాడిది? బొమ్మ ఉన్నదా అని ఎవలన్న అడిగిండ్రా?" అని గుర్వమ్మ కదురు ఆపి లోపలికి చూపించింది.

గోడ మీద మేకు ఒకటి. దాని కింద సున్నం మాయని నలుచదరపు జాగా. దాని నడుమ, మనిషి నొసలు ఉండాల్సిన చోట, పసుపూ కుంకుమా అట్టగట్టి ఉన్నాయి. అడుగున ఉన్న మరక పాతది. దాని మీద ఈ పొద్దుటి తడి.

"పెద్దవానల ఏడు కప్పు కురిసి రంగులన్ని కారిపాయె. సత్తమ్మోళ్లింట్ల చెదలు తిన్నది. మాది వాన తాగింది," అంది గుర్వమ్మ. "జాగ ఉన్నది గదా. జాగకు పెడుతున్న."

"ఆ బొమ్మ ఎవలేసిండ్రు?"

"కల్వకుర్తిల సాయిబు. పెత్రమాసకు పెద్దలకు పెట్టుకోవాలె, ఎదురుంగ బొమ్మ లేకుంటె ఎట్లని మా మరిది తోలుకపోయిండు. కొత్తగ మొగడు పోయినదాన్ని. నా మొఖం ఎవలకు ఎదురు పడొద్దని కొంగు కప్పి కూసోబెట్టిండ్రు. ఆయన నన్ను చూడలే, నేను ఆయనను చూడలే. మీ ఆయన ఎట్లుండెనమ్మా అని ఒక్కమాట అడిగిండు. నాకు ఏడుపే వచ్చింది గని మాట రాలే. నెలకు బొమ్మ ఇంటికొచ్చింది."

"నువ్వు చూసి ఏమన్నవు?"

"ఈయన కాదన్న." గుర్వమ్మ దారాన్ని వేలికి చుట్టుకుంది. "మా అత్త కసురుకున్నది. పోయినోళ్లు బొమ్మల్ల గట్లనే ఉంటరు, ఒక్క ఏడు మొక్కితె గీయిననే అయితడు అన్నది. గట్లనే అయిండు బిడ్డా. ఒక్క ఏడు గూడ పట్టలే. ఇప్పుడు కండ్లు మూస్తె ఆ చెవి చిరిగినాయననే వస్తడు. మా ఆయన మొఖం ఎటు పోయిందో, వెతికి వెతికి యాష్టకొచ్చింది."

ఒక మేక లేచి, గోడ మీది ఖాళీ జాగాను చూసి, మళ్లీ పడుకుంది. అది ఉత్త మేకే. అయినా ఖమర్‌కు ఆ చూపు నచ్చలేదు.

"కలల గూడ ఆయననే," గుర్వమ్మ గొంతు మెల్లగా అయింది. "గడప కాడ నిలబడి నీళ్లడుగుతడు. ఇస్త. పట్టుకొని నిలబడతడు, తాగడు. నన్ను పేరు పెట్టి పిలువడు. అమ్మా అంటడు. మొగడు పెండ్లాన్ని అమ్మా అంటడా?"

ఖమర్ కింద పడ్డ ఉన్ని పోగును ఏరి ఆమె ఒళ్లో వేసింది.

"మీ పిలగాడు వచ్చి తాత ఎట్లుండె చెప్పవ్వా అంటె ఆశపడ్డ. చెప్తుంటె చెప్తుంటె అసలు మొఖం వస్తదేమో అని చెరిపిచ్చిన, మల్ల చెరిపిచ్చిన. ఆఖరుకు చెవి చిరిగినాయనే వచ్చి కూసున్నడు. సరే, గీయిననే అన్న. ఏం జెయ్యాలె?" ముసలామె దగ్గింది. దగ్గు తెరిపి ఇచ్చాక మేకలకు చెబుతున్నట్టు అంది. "నేను ఈ ఎండలు దాటను. ఆడికి పోయినంక గంతమందిల ఆయనను ఎట్ల గుర్తుపట్టాలె? చెవి చిరిగినాయన ఎదురొచ్చి దా అంటె, ఆయనెంట పోవాల్నా? మా ఆయన పక్కనే నిలబడి చూస్తుంటె గూడ నాకు ఎరుక కాదు గదా!"

ఖమర్ చంకలోని చుట్ట నలుగుతోంది. గుర్వమ్మ దాన్ని చూసింది. తర్వాత ఖమర్ వేళ్లను చూసింది.

"నీకు ఎరుకే గదా, గాయన ఎవలో."

ఖమర్ నాలుక మీదికి ఒక అబద్ధం వచ్చి కూర్చుంది. చక్కటి అబద్ధం, ఎవరికీ నష్టం లేనిది. రేపు బొమ్మ అప్పగిస్తే ముసలామె మొక్కుకుంటుంది, పిల్లలకు మార్కులు పడతాయి, తండ్రి మెడలో పూలదండ పడుతుంది. దాన్ని మింగేసింది.

"మా అబ్బాజాన్ అవ్వా. నీ బొమ్మ ఏసింది ఆయననే. అద్దం చూసుకుంట తన మొఖమే ఏసిండు."

కదురు నేల మీద పడి దొర్లింది. గుర్వమ్మ ముందు నవ్వింది. కొంగు నోట్లో కుక్కుకుని, భుజాలు ఎగిరేలా నవ్వింది. "ఓ బీరప్పా! గిన్నొద్దులు ఒక సాయిబుకు కుంకుమ పెడుతున్ననా! పెత్రమాసకు పోతుమాంసం పెట్టిన, కల్లు పోసిన. ఏమనుకున్నడో పాపం!"

నవ్వు ఎక్కడ ఆగిందో, ఏడుపు ఎక్కడ మొదలయిందో మనం చెప్పలేం. తర్వాత కండ్లు తుడుచుకుని ఆమె చూసిన చూపుకు ఖమర్ లేచి నిలబడింది.

"గీ బొమ్మ తీస్కపో. రేపు నాకియ్యకు. మీ బాపును అడుగు, మా ఆయన మొఖం ఏం చేసినవని. ఉన్నదా, లేదా. అడిగి రా."

* * *

కల్వకుర్తి బస్టాండు పక్క సందులో పీర్ మహమ్మద్ దుకాణం. ఖమర్ పోయేసరికి ఆయన ఎరువుల కొట్టు బోర్డు మీద వరికంకి వేస్తున్నాడు. మూడు కాళ్ల మీద నిలబడ్డ దూడలా చేయి వణుకుతుంది గాని, కుంచె రేకుకు తగలగానే వణుకు మాయమవుతుంది. తండ్రీ బిడ్డలు ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూలో. మన కోసం తెలుగులో మాట్లాడతారు, నేను చెప్పి ఒప్పించాను.

ఖమర్ బొమ్మ విప్పి బోర్డు మీద పరిచింది.

"ఎవరీ అందగాడు?" అన్నాడు పీర్ మహమ్మద్.

"చెవి చూడు అబ్బాజాన్."

ఆయన చూశాడు. చేయి తనంతట తను ఎడమ చెవి దగ్గరికి పోయింది. కాసేపటికి గడ్డంలోంచి చిన్న నవ్వు బయటికి వచ్చింది.

"దొరికిపోయిన. నీకు చదువు చెప్పిచ్చుడే తప్పయింది బేటీ."

"ఎంతమంది మొఖాలు ఇట్ల చేసినవు?"

"ఏం జెయ్యమంటవు? పోయినాయన ఎట్లుండె అని అడుగుత. మంచోడుండె పీర్ సాబ్ అంటరు. ఇల్లు మొత్తం అదే మాట. మంచోని ముక్కు ఎట్లుంటది చెప్పు? పొడుగా, చట్టా? అద్దంల ఒక మొఖం వద్దన్నా కనవడుతుండె. దానికే మీసాలు పెట్టిన, తలపాగలు చుట్టిన, బట్టతల చేసిన. అచ్చంపేట నుంచి ఆమనగల్లు దాక సగం ఇండ్లల్ల పెద్దలు నేనే. నువ్వు నమ్మవు గని, పెత్రమాస నాడు నాకు ఆకలి కాదు. పొద్దున్నుంచే తేన్పులు వస్తయి. మీ అమ్మి లాల్ బీని అడుగు."

"నవ్వకు అబ్బాజాన్. ఆమె మొగని మొఖం మర్చిపోయింది. నీ మొఖం చూసి చూసి మర్చిపోయింది. చచ్చిపోయి ఆయనను ఎట్ల గుర్తుపట్టాలె అని అడుగుతాంది. ఏం చెప్పాలె?"

"ఎవలు?"

"పోతులబండ గుర్వమ్మ. బీరప్ప పెండ్లాం."

పీర్ మహమ్మద్ మొఖంలోంచి నవ్వు గోడ మీది సున్నంలా రాలిపోయింది. కుంచెను డబ్బాలో పెట్టబోయి పక్కన పెట్టాడు.

"మిగతోళ్ల మొఖాలు తెల్వక నాది పెట్టిన," అన్నాడు. "బీరప్ప మొఖం తెలిసే నాది పెట్టిన."

ఖమర్‌కు అర్థం కాలేదు.

"గుర్వమ్మ కొంగు కప్పుకొని వచ్చిపోయిన తెల్లారి, గదో, గా స్టూలు మీద ఒకాయన వచ్చి కూసున్నడు. నిండు ఎండ. నడిచే వచ్చిండు, కాళ్లకు దుమ్ము లేదు. కురుమాయన, భుజం మీద గొంగడి లేదు. గొంగడి లేని కురుమాయనను నేను చూసుడు అదే మొదలు. నిన్న వచ్చినామె నా పెండ్లాం, నా మొఖం గోడకెక్కియ్యకు పీర్ సాబ్ అన్నడు. ఎందుకన్న. ఎక్కిస్తె నేను పోయినట్టే అన్నడు."

పులి తిన్నదని చెప్పి తోటి కాపర్లు ఊరికి తెచ్చింది బీరప్ప చిరిగిన గొంగడి ఒక్కటే. మనిషిని తేలేదు. ఆ సంగతి పోతులబండలో అందరికీ తెలుసు.

"అంటే బతికే ఉన్నడా?"

"అడగలే బేటీ. అడిగితె ఏం జవాబు చెప్తడో అని అడగలే." ఆయన ఖాళీ స్టూలు వైపు చూశాడు. "ఏటా ఎండలల్ల ఒక్కపారి వస్తడు. ఆమె మంచిగున్నదా అంటడు. నీళ్లడుగుతడు. గిలాస చేతికిస్తె పట్టుకొని కూసుంటడు. తాగడు. ఆయనకూ నాకూ ఈడు ఒకటే. నా గడ్డం చూడు, పత్తిచేను. ఆయన మీసం గప్పుడు ఎట్లున్నదో ఇప్పుడు గట్లనే ఉన్నది. రాగి రంగు."

సందులో రిక్షా గంట మోగి ఆగింది. ఖమర్ స్టూలుకు దూరంగా జరిగింది.

"ఈ ఏడు వచ్చిండా?"

"ఇంక రాలే."

"గా స్టూలేనా?"

ఆ మాట ఇద్దరిదీ కాదు. గుమ్మంలో గుర్వమ్మ నిలబడి ఉంది. ఖమర్ బస్సు పోయాక మనసు ఆగక, ఎర్రమట్టి ట్రాక్టరు ఎక్కి వచ్చినట్టుంది, నెత్తి నుంచి కాళ్ల దాకా ఎర్రగా ఉంది. ఎప్పటినుంచి వింటోందో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఆమె నేరుగా వచ్చి పీర్ మహమ్మద్ ఎదుట నిలబడింది. కొంగు లేదు ఇప్పుడు, అడ్డమూ లేదు. ఇన్నేళ్లు పసుపు కుంకుమలు పెట్టిన మొఖాన్ని పట్టిపట్టి చూసింది. పీర్ మహమ్మద్ తల దించుకోలేదు.

"ముసలోనివి అయిపోయినవు గదయ్యా," అంది.

"మాఫ్ చెయ్యమ్మా," అన్నాడాయన.

అమ్మా అనే ఆ పిలుపుకు గుర్వమ్మ పెదవి అదిరింది. వెళ్లి స్టూలు మీద కూర్చుంది. చీర కుచ్చిళ్లు సర్దుకుంది. చెదిరిన వెంట్రుకలు చెవి వెనక్కు దోపుకుంది, పెండ్లిచూపులకు కూర్చున్న పిల్లలాగా.

"నేను ఈడికెళ్లి లేవ. వచ్చేదాక గీడనే ఉంట. యాడికెళ్లి వస్తడు, గా దిక్కు చూపియ్యి."

పీర్ మహమ్మద్ చేయెత్తి శ్రీశైలం రోడ్డు వైపు చూపించాడు. ఎత్తిన చేయి వణకడం మానేసింది. ఎంతసేపటికీ దిగలేదు.

ఖమర్ అటు తిరిగింది. మిట్టమధ్యాహ్నం తారు రోడ్డు మీద ఎండ నీళ్లలా మరుగుతోంది. ఆ మరుగులోంచి, భుజం మీద గొంగడి లేని మనిషి ఒకడు నడిచి వస్తున్నాడు.

గుర్వమ్మ లేచి నిలబడి నొసటికి చేయి అడ్డం పెట్టుకుంది.

"ఎవలు పలకరియ్యకుండ్రి," అంది ఊపిరి బిగబట్టి. "మొఖం ఇంక కనవడుతలేదు. జర దగ్గరికి రానియ్యుండ్రి."